బడులు తెరిచారు, పేరు సరిచూశారా?

2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది, బడులు 12న తెరిచారు. మధ్యలో దొరికిన నాలుగు రోజుల్లోనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లలో తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని బ్యాగులకు, బూట్లకు, నోటుపుస్తకాలకు తిరిగారు. సర్కారు బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం ఉచితంగానే వస్తాయి. ఆ యూనిఫాం గుడ్డ సిరిసిల్ల మరమగ్గాల మీద నేస్తారు, కుట్టేది మహిళా సంఘాల ఆడవాళ్లు. కాబట్టి సిరిసిల్లలో కొందరు పిల్లలు తమ వాడకట్టులోనే నేసిన గుడ్డ తొడుక్కుని బడికి వస్తారు. చూడటానికి బాగుంటుంది.

పుస్తకాలు, బట్టలు ఆలస్యమైతే పది రోజుల్లో సర్దుకుంటాయి. ఆలస్యమైతే సర్దుకోని పని ఇంకొకటి ఉంది. అది హైస్కూలు పిల్లల పేరు బడి రిజిస్టరులో ఎలా ఉందో చూసుకోవడం. ముప్పై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్న నాకు, లెక్కలు రాక ఆగిపోయిన పిల్లలతో పాటు, పేరులో ఒక అక్షరం తేడా వల్ల స్కాలర్‌షిప్పు ఆగిన పిల్లలు, పాస్‌పోర్టు ఆఫీసు నుంచి వెనక్కి తిరిగొచ్చిన పిల్లలు కూడా ఎదురయ్యారు. ఈ ఇబ్బంది అందరికీ ఉంటుంది గాని మన ఇళ్లలో ఎక్కువ. ఎందుకు ఎక్కువో ముందు తెలుసుకుందాం.

మనవైపు పేరంటే ముందు ఇంటి పేరు, తర్వాత అసలు పేరు. బడి రిజిస్టర్లు, దరఖాస్తు ఫారాలు అన్నీ ఈ పద్ధతికి తగ్గట్టే తయారయ్యాయి. మన కుటుంబాల్లో ఆ తీరు ఇంటి పేరు లేదు. తండ్రి షేక్ కావచ్చు, కొడుకును మహమ్మద్ అని రాయిస్తారు, కూతురి పేరు చివర ఫాతిమా అనో సుల్తానా అనో వస్తుంది, తల్లి ఒక కాగితంలో బీ, ఇంకో కాగితంలో బేగం. ఒకే ఇంట్లో నలుగురు, నాలుగు తీర్ల పేర్లు. అందులో తప్పేమీ లేదు, అది మన ఆనవాయితీ. కంప్యూటరుకు మాత్రం ఆనవాయితీ తెలియదు. రెండు కాగితాల్లో అక్షరాలు ఒక్క తీరుగా ఉన్నాయా లేదా అన్నదే దానికి తెలుసు.

ఒక పిల్లవాడి పేరు మహమ్మద్ ఇమ్రాన్ అనుకుందాం. పుట్టినప్పుడు మున్సిపాలిటీ ధ్రువపత్రంలో ఎం, డి అని రెండు అక్షరాలు వేసి పక్కన ఇమ్రాన్ అని రాశారు. ఆధార్ తీసినప్పుడు మొహమ్మద్ అని పూర్తిగా వచ్చింది. ఒకటో తరగతిలో చేర్చడానికి వెళ్లిన తాత వట్టి ఇమ్రాన్ అని చెప్పాడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మొదటి అక్షరం తర్వాత ఓ పెట్టాలా యు పెట్టాలా, మధ్యలో ఎం ఒకటా రెండా, చివర ఈ-డి యా ఏ-డి యా అన్నది రాసేవారి చేతివాటం. పదో తరగతికి వచ్చేసరికి ఈ ఇమ్రాన్ కాగితాల మీద ముగ్గురు మనుషులవుతాడు.

ఒకప్పుడు దీంతో పెద్ద చిక్కు ఉండేది కాదు, హెడ్‌మాస్టరు పిల్లవాడి ముఖం చూసి బోనఫైడ్ రాసిచ్చేవారు. ఇప్పుడు బడిలోని ప్రతి పిల్లవాడి వివరాలు యూడైస్ ప్లస్ అనే దేశవ్యాప్త పట్టికలోకి ఎక్కుతున్నాయి. అక్కడ ఒక శాశ్వత విద్యా సంఖ్య ఇస్తారు. దాని మీద తల్లిదండ్రుల సమ్మతి పత్రం తీసుకుని అపార్ అనే 12 అంకెల సంఖ్య తయారుచేస్తారు. పిల్లవాడి మార్కులు, సర్టిఫికెట్లు ముందుముందు ఆ సంఖ్య కిందే భద్రపరచాలన్నది ఉద్దేశం. యూడైస్‌లోని పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ కలిస్తేనే అపార్ వస్తుంది, లేకపోతే తిరస్కారం. బడి నుంచి సమ్మతి ఫారం ఇంటికి వచ్చినప్పుడు చాలామంది సంతకం పెట్టి పంపేస్తారు. సంతకం పెట్టేముందు ఆధార్ కార్డును దాని పక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషు రాని తల్లి అయితే పిల్లల చేతనే చదివించుకోవచ్చు, ఎనిమిదో తరగతి పిల్లలు ఆ మాత్రం చదవగలరు.

దీని బరువు తెలిసేది పదో తరగతి మెమో చేతికి వచ్చాక. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి రుజువని చట్టం మారింది. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలంతా అంతకు ముందు పుట్టినవాళ్లే కాబట్టి వీళ్లకు పదో తరగతి మెమోయే జీవితాంతం వయసు రుజువుగా పనికొస్తుంది. పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి అదే చూపిస్తారు. గల్ఫ్‌కు పోయే దారి మన మూడు ఊళ్లలో ఏ ఇంటికీ కొత్త కాదు కనుక ఇంకో మాట చెప్పాలి. పాస్‌పోర్టులో ఒకే ఒక్క పదం పేరుగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ నిబంధన పెట్టింది. తండ్రి పేరో ఇంటి పేరో పాస్‌పోర్టు రెండో పేజీలో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు. బడిలో వట్టి సల్మా అనో, వట్టి ఇమ్రాన్ అనో నడుస్తున్న పేరు రేపు ఎక్కడ అడ్డం పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి దిద్దుకోవడం ఎలా? ముందు ఇంట్లో కూర్చుని ఏ పేరు ఉంచుకోవాలో తేల్చుకోండి. నా సలహా ఏమిటంటే, జనన ధ్రువపత్రం ఉంటే, అందులో పేరు సరిగ్గా ఉంటే దాన్నే మూలంగా పట్టుకుని మిగతావి దానికి కలపండి. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని తొందరపడి ఆధార్ సెంటరుకు పరుగెత్తవద్దు. బడి రిజిస్టరులో ఉన్న పొరపాటు ఏ అధికారి స్థాయిలో దిద్దాలో హెడ్‌మాస్టరుకు తెలుసు. ఆయనకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఒక జిరాక్సు మీద అందినట్లు సంతకం తీసుకోండి. నోటిమాటగా చెప్పి వస్తే పని జరగదు, ఆఫీసులో ఎవరు బదిలీ అయినా మన మాట వాళ్లతోనే పోతుంది. మెమో వచ్చాక మార్పు కావాలంటే హెడ్‌మాస్టరు ద్వారా హైదరాబాదులోని ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు కార్యాలయానికి పంపాలి, వాళ్లు చూసేది మళ్లీ బడి రిజిస్టరునే. రిజిస్టరులోనే తప్పుంటే మెమో తప్పని వాళ్లెలా ఒప్పుకుంటారు?

పదిహేనేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపలు మళ్లీ ఇవ్వాలి. అది సరిగ్గా తొమ్మిది, పది తరగతుల వయసే. ఇవ్వకపోతే పరీక్షకు ముందు ఏదో ఒక చోట ఆగిపోతుంది. సెలవు రోజున పోయి చేయించుకోండి, చిన్న పని.

పేర్ల సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి డబ్బు కూడా ఒక కారణం. మన పిల్లలకు రావలసిన సొమ్ము కొంత ఎవరూ అడగక ఆగిపోతోంది. అన్నిటికంటే ముందు నాకు గుర్తొచ్చేది బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్పు. జగిత్యాల, కోరుట్లలోనూ, సిరిసిల్లలోనూ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే తల్లులు ఎందరో. తల్లిగాని తండ్రిగాని కనీసం ఆరు నెలలు బీడీ పనిలో ఉండి, గుర్తింపు కార్డు ఉండి, కుటుంబ ఆదాయం నెలకు పదివేలు దాటకపోతే కేంద్ర కార్మిక శాఖ వాళ్ల పిల్లలకు ఏటా సాయం ఇస్తుంది. ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు 1,000 రూపాయలు, అయిదు నుంచి ఎనిమిది వరకు 1,500, తొమ్మిది, పది తరగతులకు 2,000, ఇంటర్‌కు 3,000, డిగ్రీకి 6,000, ఇంజనీరింగు వంటి వృత్తి విద్యకు 25,000. పిల్లవాడు కిందటి తరగతి మొదటిసారికే పాసై ఉండాలి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పదో తరగతి లోపు వాళ్లకు సాధారణంగా ఆగస్టు 31తో, పైచదువుల వాళ్లకు అక్టోబరు 31తో గడువు ముగుస్తుంది. తండ్రి గల్ఫ్‌లో ఉండి నెలకు ఇరవై వేలు పంపుతున్న ఇంటికి ఇది వర్తించదు, ఆ సంగతి దాచి దరఖాస్తు పెట్టడం మంచిది కాదు. కాని చాట మీదే బతికే ఇళ్లు, భర్త లేని ఇళ్లు, మగ్గం ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి. రెండు వేలు వాళ్లకు చిన్న డబ్బు కాదు. గుర్తింపు కార్డు పెట్టెలో పడి ఉంటుంది, పిల్లవాడి బడిలో ఆ సంగతే తెలియదు. అలాంటి ఇంటి పిల్లవాడు మీ తరగతిలో ఉంటే దయచేసి మీరే అడగండి అని తోటి ఉపాధ్యాయులకు నా మనవి.

రెండోది ఎన్.ఎం.ఎం.ఎస్. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు తెచ్చుకుని, ఇంట్లో ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు దాటని పిల్లలు రాయవచ్చు. గురుకులాల్లో ఉండి చదివేవాళ్లకు ఇది లేదు, వాళ్లకు భోజనం, వసతి ఎలాగూ ప్రభుత్వమే పెడుతుంది. పరీక్షలో బుద్ధికుశలతకు 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల మీద 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000, అంటే నాలుగేళ్లలో 48,000 రూపాయలు పిల్లవాడి ఖాతాలోనే పడతాయి. పరీక్ష నవంబరు చివర్లో ఉంటుంది, దరఖాస్తులు వానాకాలంలోనే తీసుకుంటారు. జూన్‌లో మొదలుపెట్టి రోజుకు అరగంట బుద్ధికుశలత లెక్కలు చేయించిన బడుల్లో ఫలితం కనిపిస్తుంది. అక్టోబరులో మేల్కొంటే కనిపించదు. మన పిల్లలు దీన్ని రాయడం తక్కువ. పరీక్ష కష్టమని మానుకునే పిల్లలకంటే ఆదాయ ధ్రువపత్రానికి మీసేవకు వెళ్లేవారు లేక మానుకునే పిల్లలే నా అనుభవంలో ఎక్కువ.

మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పు సంగతి చాలామంది అడుగుతారు. దాన్ని ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు 2022 నవంబరులో ఆపేశారు, తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. పాత జ్ఞాపకంతో దాని మీదే ఆశపెట్టుకుని పై రెండింటినీ వదులుకోవద్దు.

ఏ స్కాలర్‌షిప్పుకైనా పిల్లవాడి పేరున బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ అనుసంధానం ఉండాలి. ఎప్పుడో తీసిన జీరో ఖాతాలో రెండేళ్లుగా లావాదేవీ లేకపోతే అది నిద్రపోయి ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి దాన్ని లేపించండి. ఇంకో తంటా ఫోను నంబరు. ఇంట్లో అన్నిటికీ తండ్రి నంబరే ఇచ్చి ఉంటారు, తండ్రేమో రియాద్‌లోనో షార్జాలోనో ఉంటాడు, ఇక్కడి సిమ్ కార్డు రీచార్జి లేక ఆగిపోయి ఉంటుంది. ఓటీపీ రాదు, దరఖాస్తు ముందుకు కదలదు. తల్లి పేరున ఒక నంబరు, ఆమె ఆధార్‌కు అదే నంబరు, పిల్లల కాగితాలన్నిటిలో అదే నంబరు ఉంటే సగం పనులు ఇంట్లో కూర్చునే అవుతాయి. తండ్రి ఛుట్టీ మీద వచ్చినప్పుడు పెళ్లిళ్లు, దావతులు ఎలాగూ ఉంటాయి. అందులో ఒక పూట బడికి వచ్చి సంతకాలు పెట్టి, టీచర్లతో మాట్లాడి పోతే బాగుంటుంది. ఏడాదికోసారి వచ్చే తండ్రి బడి గేటు దగ్గర కనబడితే పిల్లల్లో వచ్చే మార్పు నేను చూశాను.

చదువు సంగతికి వస్తే, 2025 మార్చిలో జరిగిన పదో తరగతి పరీక్షల నుంచి మెమోలో సబ్జెక్టువారీ మార్కులు మళ్లీ కనిపిస్తున్నాయి. అంతకు ముందు గ్రేడ్లే ఉండేవి. ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కుల రాతపరీక్ష, 20 మార్కులు బడిలో ఏడాది పొడుగునా జరిగే ఫార్మేటివ్ పరీక్షలవి. సైన్సు మాత్రం భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేరువేరు రోజుల్లో నలభైయేసి మార్కులకు రాస్తారు. ఇందులో తల్లిదండ్రులకు కావలసిన సంగతి ఒక్కటే. ఆ 20 మార్కులు జూలై నుంచే మొదలవుతాయి. ప్రాజెక్టు ఇవ్వని పిల్లవాడు, పెళ్లిళ్లకు వారం వారం బడి ఎగ్గొట్టిన పిల్లవాడు మార్చిలో ఎంత చదివినా అవి తిరిగి రావు.

ఉర్దూ మీడియం పిల్లలకు తెలుగు ద్వితీయ భాష. విచిత్రమేమంటే ఈ పిల్లలు కోరుట్ల అంగడిలో తెలుగులో బేరమాడి గెలుస్తారు, పరీక్ష పేపరు ముందు మాత్రం బెదురుతారు. మాట వచ్చు, ఒత్తులు రావు. నోటిలో ఉన్న భాషను చేతిలోకి దించడమే పని. రోజుకు పది వాక్యాల చూచిరాత, వారానికి ఒక ఉత్తరం, దుకాణాల బోర్డులు చదవడం. ఆరో తరగతిలో మొదలుపెడితే పదికి భయం ఉండదు. ఉర్దూను పక్కన పెట్టమని నేను చెప్పడం లేదు. 2017 నుంచి అది రాష్ట్రమంతటా రెండో అధికార భాష. కాని తహసీల్ ఆఫీసులో దరఖాస్తు రాసేది, బస్సు మీద చదివేది తెలుగే.

రంజాన్ మాట కూడా ఇప్పుడే అనుకోవాలి. 2025లో పరీక్షలు మార్చి 21న, ఇరవయ్యో రోజా నాడు మొదలయ్యాయి, మధ్యలో ఈద్ వచ్చింది. 2026 రంజాన్ మొదలయ్యేది ఫిబ్రవరి మూడో వారంలో, అంటే ప్రీ ఫైనల్, రివిజన్ రోజులన్నీ రోజాల్లోనే. ఉర్దూ మీడియం బడులకు రంజాన్‌లో ఉదయం 8 నుంచి 1.30 వరకు వేళలు మార్చడం ఏటా జరుగుతుంది. మధ్యాహ్నం దొరికే ఆ సమయం నిద్రకా చదువుకా అన్నది ఇంట్లో తేల్చుకోవాలి. నన్నడిగితే ముందు ఒక గంట నిద్ర, తర్వాత చదువు. సహరీకి లేచిన పిల్లవాడు ఫజర్ తర్వాత చదివే ఒక గంట, రాత్రి పదకొండు దాకా చదివే రెండు గంటలతో సమానం. పాఠాలు మాత్రం జనవరికే అయిపోవాలి.

పది తర్వాత ఎటు అన్న ప్రశ్నకు ఇక్కడ పూర్తి జవాబు చెప్పడం కుదరదు, కాగితాల వరకు చెబుతాను. 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద ఉన్న ముస్లిం వర్గాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్ వంటి వర్గాలు అందులో ఉన్నాయి. దూదేకుల వారు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఈలోకి రావు, ఆదాయం తక్కువైతే ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం తీసుకోవచ్చు. పక్కన నిర్మల్ జిల్లాలోని బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగు చదువుకు సీటు వస్తుంది. ప్రవేశాల ప్రకటన వచ్చాక కుల ధ్రువపత్రానికి తిరిగితే అప్పటికే మీసేవలో వరుస కట్టి ఉంటారు. పిల్లవాడు తొమ్మిదిలో ఉండగానే చేయించి పెట్టుకోండి.

చదువు ఆగిపోయిన పిల్లలు ఇంట్లో ఉంటే, ముఖ్యంగా ఏడో ఎనిమిదో చదివి కుట్టుమిషన్ దగ్గరో బీడీల దగ్గరో కూర్చున్న ఆడపిల్లలుంటే, పద్నాలుగేళ్లు నిండిన వాళ్లు తెలంగాణ ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయవచ్చు. అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు, ఉర్దూలోనూ రాయవచ్చు. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరనిస్తారు.

ఇక ఈ ఏడు పదో తరగతిలో ఉన్న పిల్లల ఇళ్లకు. నవంబరు ప్రాంతంలో బడిలో నామినల్ రోల్ తయారవుతుంది. మెమో మీద అచ్చయ్యేది అదే. పరీక్ష ఫీజు 125 రూపాయలు. అంతకు మించి ఎవరైనా పరీక్ష ఫీజు పేరుతో అడిగితే దేనికో అడిగి రసీదు తీసుకోండి. నామినల్ రోల్ ఒక ప్రతిని తీసి పిల్లల చేత చూపించి సంతకం చేయిస్తారు. ఆ రోజు పిల్లవాడు తన పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మొదటి భాష, రెండో భాష, ఫొటో, పుట్టుమచ్చలు అన్నీ తన ఆధార్ జిరాక్సుతో పోల్చి చూసుకోవాలి. వీలైతే తల్లి కూడా వెళ్లాలి. తేడా కనబడితే సంతకం పెట్టకుండా అక్కడికక్కడే క్లాసు టీచరుకు చెప్పాలి. కంప్యూటరులో పంపడానికి గడువు ముగిసే వరకు ఆ అక్షరాన్ని బడిలోనే దిద్దవచ్చు.